పదకొండున్నర కిలోలు

"ఫైలు ఇయ్య. ఏం జేస్కుంటవో జేస్కో పో."

శంకరమ్మ కోడలి దవాఖాన ఫైలును ఒళ్లో పెట్టుకుని గడపకు అడ్డంగా కూర్చుంది. నాంపల్లి స్టేషను వెనక సందులో, రెండో అంతస్తులో ఉన్న ఆ రెండు గదుల ఇంటికి ఉన్నది ఒకటే తలుపు. ఆమెను దాటకుండా ఎవరూ మెట్లు దిగలేరు.

రాణి అప్పటికే తయారై ఉంది. వదులైన పంజాబీ డ్రెస్సు వేసుకుంది. కీమో అయ్యాక వేలెడంత మొలిచిన జుట్టు మీద చున్నీ కప్పుకుంది.

"పది గంటలకు రమ్మన్నరత్తా. ఇయ్యాల ఉత్తగ చూస్తరంతే. చేతులు ఎట్ల లేస్తున్నయ్, కాళ్లు ఎట్ల వంగుతున్నయ్ అని. బరువులు ఏం ఎత్తిపియ్యరు."

"ఇయ్యాల గాకుంటే రేపు ఎత్తిపిస్తరు. మొగపోరగాండ్ల లెక్క డంబెల్సు ఎత్తుతదట నా కోడలు! వాడకట్టోళ్లు ఇంటే నవ్వుతరు."

"నవ్వితే నవ్వనియ్యి."

"ఆఁ, నవ్వుతరు, పోతరు. చెయ్యి వాచినంక వచ్చి వాళ్లు చూస్తరా నిన్ను?"

అద్దం ముందు నిలబడ్డ రాణి భర్త అంజన్ దువ్వుకున్న తలనే మళ్లీ దువ్వుకుంటున్నాడు. నిన్న సాయంత్రం దవాఖాన నుంచి వచ్చిన మెసేజ్ అతని ఫోనుకే వచ్చింది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషనైన ఆడవాళ్లకు బరువులతో వ్యాయామం నేర్పే క్లాసులో చేర్చుకునే ముందు, ఒంటి కదలికలు చూస్తారట. బుధవారం పదింటికి రావాలట. రాణి ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పేరిచ్చి వచ్చింది. అంజన్ ఆ మెసేజ్‌ను అన్నం తింటూ అందరి ముందూ పైకి చదివాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట లేదు.

"నువ్వన్న చెప్పయ్యా," అంది రాణి.

"నేనేం చెప్పాలె? అమ్మ అన్నదాంట్ల తప్పేమున్నది? ఆ చెయ్యితోని బరువు ఎత్తొద్దని డిశ్చార్జి నాడు చెప్పిన్రా లేదా?"

"అది కుట్లు పచ్చిగ ఉన్నప్పటి మాట. తొమ్మిది నెలలాయె."

"మళ్ల ఎత్తుమని ఎవరన్న చెప్పిన్రా మరి?"

ఎవరూ చెప్పలేదు. ఈ ఇంట్లోంచి ఎవరూ వెళ్లి అడగనూ లేదు.

డిశ్చార్జి నాడు విన్న ఆ ఒక్క మాటను శంకరమ్మ కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చింది. బాలింతకు పథ్యం పెట్టినట్టు కోడలి ఎడమ చేతికి పథ్యం పెట్టింది. బిందె ముట్టొద్దు. చీపురు పట్టొద్దు. తడి బట్ట పిండొద్దు. నడుస్తుంటే చెయ్యి ఊగకూడదని తన పాత చీర చింపి మెడకు జోలె కట్టింది. నలభై రోజులని మొదలైన ఆ పథ్యం నలభై దాటింది, తొంభై దాటింది, తర్వాత ఎవరూ లెక్క పెట్టలేదు. జోలె ఎప్పుడో పోయింది గానీ, చెయ్యి మాత్రం అలవాటుగా పొట్టకు ఆనుకునే ఉండిపోయింది.

"జంగమ్మ ముచ్చట మళ్ల చెప్పాల్నా నీకు?"

"వద్దత్తా. యాదికున్నది."

అయినా శంకరమ్మ చెప్పింది. ఎప్పుడు చెప్పినా మొదటి నుంచీ చెబుతుంది. తన అక్క జంగమ్మకు ఇదే జబ్బు. ఇదే ఆపరేషను. నెల తిరగకుండానే పత్తి చేనుకు పోయింది, మూటలెత్తింది. చెయ్యి వాచి దిండులెక్క అయింది. జాకెట్ చెయ్యి పట్టక ఒక పక్క చింపుకుని తొడుక్కునేది.

"సచ్చేదాంక ఆ చెయ్యిని ఇంకో చెయ్యితోని మోసుకుంట తిరిగింది. ఈ కండ్లతోని చూసిన్నే నేను. నీకంటే ఏం తెల్వది."

రాణి తల దించుకుంది. ఎందుకు పోవాలనుకుంటున్నావని ఒక్కరైనా అడిగితే బాగుండునని నిన్నటి నుంచీ ఎదురుచూస్తోంది. అడిగితే చెప్పగలదా అంటే అదీ అనుమానమే. నా పిల్లను నేను ఎత్తుకోవాలని ఉంది అనడానికి సిగ్గెందుకు? కానీ తొమ్మిది నెలలుగా ఆ పిల్లను మోస్తున్న మనిషి ముందు ఆ మాట అంటే, నా బిడ్డను నాకిచ్చెయ్ అన్నట్టు వినబడుతుంది. చాకిరీ అంతా చేయించుకుని చివర్న అలా అంటారా ఎవరైనా?

స్టేషనుకు బయల్దేరుతున్న మామ పెంటయ్య ఎర్ర చొక్కా గుండీలు పెట్టుకుంటూ గొంతు సవరించుకున్నాడు. నలభై ఏళ్లుగా నాంపల్లి స్టేషన్లో హమాలీ పని అతనిది.

"ఎట్ల ఎత్తాల్నో నేర్పుతమంటున్నరు గదనే. నేర్వనోడు ఎత్తితేనే నడుము వోతది."

"నువ్వు ఊకో. నీకు సూట్‌కేసులు మోసుడు దప్ప ఏం ఎర్క?"

పెంటయ్య చెప్పులేసుకున్నాడు. శంకరమ్మ మొగుడి కోసం మోకాళ్లు పక్కకు తిప్పి దారిచ్చి, అతను మెట్లు దిగగానే మళ్లీ గడప నిండా సర్దుకుని కూర్చుంది.

లోపలి గదిలోంచి స్టీలు గ్లాసు పట్టుకుని పరుగున వచ్చిన సంహిత, తండ్రి బూట్లు కాళ్లకు తగిలి బోర్లా పడింది. గ్లాసు దొర్లింది. పిల్ల ఒక క్షణం ఊపిరి బిగబట్టి, తర్వాత ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది.

దగ్గరగా ఉన్నది రాణే. గబుక్కున వంగి కుడి చెయ్యి చాపింది.

రెండేళ్ల మూడు నెలల సంహిత ఏడుస్తూనే లేచింది. తల్లి కుడి చేతిని కాదు, ఎడమ చేతిని పట్టుకుంది. మూతి సున్నాలా చుట్టి దాని మీద ఊదింది. "అమ్మ ఉఫ్," అంది. అలా ఊదాలని, ఆ చేతి మీద ఎక్కకూడదని ఇంట్లో అందరూ నేర్పిందే. ఊదడం అయిపోయాక తన ఏడుపు మళ్లీ మొదలుపెట్టి, తల్లిని చుట్టి దాటుకుని, నానమ్మ దగ్గరకు పోయింది.

శంకరమ్మ లేచి పిల్లను చంకనేసుకుంది. ఫైలు జారి కింద పడింది.

రాణి వంగి ఫైలు తీసుకుంది. అంజన్ బూట్ల లేసులు కట్టుకోవడంలో మునిగిపోయాడు.

"సరే, నడువ్," అంది శంకరమ్మ హఠాత్తుగా. "నేను గూడ వస్త. ఆ డాక్టరమ్మతోనే మాట్లాడ్త. ఈ చెయ్యికి ఏం గాదని కాగితం మీద రాసియ్యమంట. రాసిస్తే నువ్వు రైలుబండినే ఎత్తుకో, నేనొద్దన."

"గదీ మంచిగున్నది," అన్నాడు అంజన్, గండం గడిచినవాడిలా. "నాకు షాపు టైమయింది. మా సేటు గేటు కాడనే నిలవడి గడియారం చూస్తడు." ఆబిడ్స్‌లో రెడీమేడ్ బట్టల దుకాణంలో అతనిది కౌంటర్ పని. తల్లి భుజం మీది కూతురి బుగ్గ గిల్లి, భార్య వైపు చూడకుండా దిగిపోయాడు.

నీళ్లు తాగొస్తానని రాణి వంటింట్లోకి వెళ్లింది. పప్పు డబ్బా వెనక దాచిన నొప్పి గోళీల అట్టలోంచి రెండు తీసి గబగబా మింగింది.

*

ఆ గోళీల ఆలోచన ఎవరూ చెప్పింది కాదు. ఆమెదే.

కీమో రోజుల్లో దవాఖానలో పరిచయమై, ఇప్పుడు ఆ క్లాసుకు వెళ్తున్న విద్యావతి టీచరు ఏమేం చేయిస్తారో ఫోన్లో వరసగా చెప్పింది. రెండు చేతులూ చెవుల పక్కకు ఎత్తమంటారు. చెయ్యి వెనక్కి పెట్టి వీపు అందుకోమంటారు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంటారు. ఒంటికాలి మీద నిలబెడతారు. గోడను తొయ్యమంటారు. టీచరు ఊరికే కబుర్లుగా చెప్పింది. రాణి మాత్రం వాటిని ప్రశ్నలుగా రాసుకుంది.

పది పాసై, ఇంటర్ మొదటి ఏడాది మధ్యలో చదువు ఆగిపోయిన మనిషి. ఎదుటివాళ్ల చేతిలో కాగితం, పెన్ను కనబడితే అది ఆమెకు పరీక్షే. పరీక్ష అంటే పాస్ కావాలి. నాలుగు రోజులుగా మధ్యాహ్నం పిల్ల, అత్త నిద్రపోయే వేళ వంటింటి గోడ ముందు నిలబడి చెయ్యి ఎత్తడం సాధన చేసింది. భుజం దాటగానే చంకలో ఏదో తాడు పట్టి లాగినట్టు ఆగిపోయేది. నడుము కొంచెం వెనక్కి విరిచి, భుజాన్ని చెవి వైపు ఎగదోస్తే చెయ్యి పైకి పోయినట్టే ఉండేది. ఆ కిటుకు దొరికిన రోజు ఆమెకు ఎంత సంతోషమో. నొప్పి ముఖంలో కనబడకుండా ఉంటే చాలు. దానికే గోళీలు.

ఆటోలో శంకరమ్మ పిల్ల నడుమును ఎడమ చేత్తో చుట్టి పట్టుకుంది. సంహిత ఆమె తొడ మీద నిలబడి బయటకు చూస్తోంది. స్టేషను రోడ్డు మీద లాడ్జీల బోర్డులు, అరటిపళ్ల బండ్లు, బ్యాగుల దుకాణాలు వెనక్కి పోతున్నాయి. గతుకు వచ్చినప్పుడల్లా పిల్ల పాదం వచ్చి రాణి మోకాలికి మెత్తగా తగులుతోంది. రాణి మోకాలు కదపలేదు. ఇంకొంచెం దగ్గరకు జరిపింది.

ఆఖరిసారి పిల్లను ఎత్తుకున్నది దవాఖానలో చేరిన పొద్దున. చంకలో పిల్ల, ఎదురుగా సర్దాల్సిన సంచీ. ఫోను మోగింది. పిల్లను తలుపు దగ్గర దింపి ఫోనెత్తింది. అవతల ఎవరో ఏదో కంపెనీ వాళ్లు. రాంగ్ నంబరు కూడా కాదు, ఉత్త పనికిరాని ఫోను.

అదే చివరిసారి అని తెలిసి ఉంటే మోగనిచ్చేది.

అప్పుడు సంహిత తొమ్మిది కిలోలు. ఆ బరువు ఎలా ఉండేదో ఎడమ నడుముకు ఇప్పటికీ గుర్తుంది. రాత్రి వాన కురిసి ఆగాక కూడా చూరు నుంచి చప్పుడు వస్తున్నట్టు, అప్పుడప్పుడు ఆ వైపు ఉత్తపుణ్యానికే వంగుతుంది.

*

గోడకు రంగురంగుల రబ్బరు పట్టీలు వేలాడుతున్న గది. కింద చాపలు. నలుగురైదుగురు ఆడవాళ్లు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. కోఠీ నుంచి వచ్చే విద్యావతి టీచరు గది మధ్యలో ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ఇరవై రెండు, ఇరవై మూడు... చూశావా రాణీ! అరవై ఏళ్లకు దగ్గర పడ్డాను. ముప్పై ఏళ్లు పిల్లల్ని బెంచీ ఎక్కించి నిలబెట్టిన పాపం ఇప్పుడిలా తీర్చుకుంటున్నాను."

అందరూ నవ్వారు. శంకరమ్మ నవ్వలేదు. పిల్లను ఎత్తుకుని నేరుగా మెడలో కొలత టేపు వేసుకున్న అమ్మాయి దగ్గరకు నడిచింది.

"నువ్వేనా డాక్టరమ్మవు?"

"డాక్టర్ని కాదమ్మా, ఫిజియోథెరపిస్టుని. శ్రీవిద్య నా పేరు."

"ఎవలవైతేంది. నా కోడలు చెయ్యికి వాపు రాదని కాగితం రాసిస్తవా?"

"రాసివ్వనమ్మా," అంది శ్రీవిద్య, కొంచెం కూడా తడుముకోకుండా. "రాసిస్తే అబద్ధమవుతుంది. ముందు చూడనివ్వండి. మీరు ఇక్కడే కూర్చోండి, అన్నీ మీ ముందే చూస్తాను."

అలాంటి జవాబు శంకరమ్మ అనుకోలేదు. కూర్చుంది.

శ్రీవిద్య ముందు రాణి రెండు చేతులనూ టేపుతో కొలిచింది. మణికట్టు దగ్గర, మోచేతి కింద, మోచేతి పైన. ప్రతి కొలతా పైకి చెబుతూ రాసుకుంది. రెండు చేతులకూ పెద్ద తేడా లేదు. శంకరమ్మ ముందుకు వంగి, చదవడం రాకపోయినా, టేపు మీద వేలు ఎక్కడ ఆగుతోందో ప్రతిసారీ చూసింది.

కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. రాణి తేలిగ్గా చేసింది. ఒంటికాలి మీద నిలబడింది. కాళ్లు బాగున్నాయని శ్రీవిద్య అంది. రాణి గుండె కుదుటపడింది. సగం పేపరు రాసేసినట్టే.

"ఇప్పుడు రెండు చేతులూ ముందు నుంచి పైకి. మెల్లగా. ఎక్కడ నొప్పి వస్తే అక్కడ ఆగండి."

రాణి ఎత్తింది. భుజం ఎగదోసింది. నడుము విరిచింది. చెయ్యి పైకి పోయింది.

"నొప్పి?"

"లేదు మేడం."

"సబాష్!" అంది విద్యావతి.

శ్రీవిద్య సబాష్ అనలేదు. చుట్టూ తిరిగి పక్క నుంచి చూసింది. వెనక్కి వెళ్లి రెక్క ఎముక మీద వేలు పెట్టింది. "మళ్లీ ఎత్తండి. నేను చేతిని చూడను. చెయ్యి ఎత్తడానికి ఇంకేమేం సాయం వస్తున్నాయో చూస్తాను."

మళ్లీ ఎత్తింది.

"ఇలా రండి. గోడకు ఆనుకోండి. మడమలు, నడుము, తల, మూడూ గోడకు తగలాలి. ఇప్పుడు ఎత్తండి."

గోడ నడుమును వెనక్కి విరగనివ్వలేదు. కుడి చెయ్యి చెవి పక్కకు పోయింది. ఎడమ చెయ్యి భుజం కంటే జానెడు పైకి పోయి ఆగింది. రాణి పళ్లు బిగించింది. ఇంకో వేలెడు లేచింది. అంతే. రెండు చేతులూ ఎదురుగా అలా ఎగుడుదిగుడుగా నిలబడిపోయాయి, గదిలో అందరికీ కనబడేలా.

శ్రీవిద్య చంక కింద మెల్లగా తడిమింది. "ఇక్కడ తాడులా బిగుసుకుంది. మామూలుగా ముట్టుకుంటేనే ఉలిక్కిపడాలి. మీరు ఉలిక్కిపడట్లేదు." కాస్త ఆగింది. "పొద్దున గోళీ ఏమన్నా వేసుకున్నారా?"

రాణి చేతులు దించింది.

"రాణీ?"

"రెండు."

"ఏం గోళీలే?" శంకరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఎప్పుడేసుకున్నవ్? నాకు జెప్పలే!"

"వద్దంటరని జెప్పలే."

"ఇగో, చూడు డాక్టరమ్మా! ఇట్ల జేస్తది. నొప్పి దాస్తది. ఇసొంటిదానికి బరువులిస్తవా నువ్వు?"

శ్రీవిద్య కాగితం మూసేసింది. కోపగించుకోలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది రాణికి.

"నొప్పి ఎక్కడ మొదలవుతుందో చూడ్డానికే ఇవాళ పిలిచాను. దాన్నే మీరు కప్పేసి తెస్తే నేనేం చూడాలి? ఇలాగే అర కిలో చేతికిచ్చి ఉంటే? లోపల ఏం తెగినా మీకు తెలిసేది కాదు."

"ఫెయిలేనా మేడం?"

"ఇందులో పాసు, ఫెయిలు లేవమ్మా. మీ ఒళ్లు ఏది ఒప్పుకుంటుందో..."

"క్లాసుకు రానిస్తరా లేదా చెప్పున్రి." రాణి ఒక అడుగు ముందుకేసింది. "నాకు టైము లేదు మేడం."

"ఎందుకంత తొందర? అసలు ఎంత బరువు ఎత్తాలని మీకు?"

"పదకొండున్నర కిలోలు."

శ్రీవిద్య నవ్వబోయి ఆగింది. "పది కాదు, పన్నెండు కాదు, పదకొండున్నరా?"

"పోయిన సోమవారం అంగన్‌వాడీల తూచిన్రు." రాణి చూపు శంకరమ్మ ఒళ్లోకి పోయింది. అక్కడ సంహిత ఎవరో ఇచ్చిన పచ్చ రబ్బరు పట్టీని నోట్లో పెట్టుకుని లాగుతోంది. "ఎండకాలం పదిన్నర ఉండె. నెలనెల పెరుగుతనే ఉన్నది. నేను ఎత్తేటాళ్లకు అది ఎత్తుకునే వయసే దాటిపోతది. కింద పడితే నా కాడికి వస్తలేదు. నాకే దెబ్బ తాకినట్టు నా చెయ్యి ఊదిపోతది."

విద్యావతి టీచరు మళ్లీ ఎత్తిన కాలు కింద పెట్టింది.

శంకరమ్మ కోడలి ముఖంలోకి చూసింది. మొగపోరగాండ్ల లెక్క బరువులెత్తి ఏదో చూపించాలనుకుంటోందనే నిన్నటి నుంచీ అనుకుంది. నలుగురిలో తిరగాలని సాకు వెతుక్కుంటోందని రాత్రి కొడుకు చెవిలో కూడా వేసింది.

"ఈ మాట నాకెందుకు జెప్పలేదే?"

"ఎట్ల జెప్పాలత్తా? నువ్వే గద మోస్తున్నవ్."

శంకరమ్మ ఒళ్లోని పిల్లను సర్దుకుంది. శ్రీవిద్య వైపు తిరిగింది. "ఎత్తితే వాపొస్తదా, రాదా? ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా. మా అక్కకు వచ్చింది."

"ఒక్కసారిగా పదకొండు కిలోలు ఎత్తితే ఏమైనా కావచ్చు. అందుకే ఇవాళ ఎత్తొద్దంటున్నాను. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, వారం వారం ఈ టేపుతో కొలుచుకుంటూ పోతే భయం తక్కువ. అసలు రాదని మాత్రం చెప్పను." శ్రీవిద్య రాణి భుజం మీద చెయ్యి వేసింది. "కానీ ఇప్పుడున్న బాధ బరువు ఎత్తినందుకు వచ్చింది కాదు. ఇన్ని నెలలు కదలకుండా ఉంచినందుకు బిగుసుకుంది."

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది.

"అంటే," అంది శంకరమ్మ మెల్లగా, "నేను జేసిందే?"

రాణి కాదనాలనుకుంది. నోటి దాకా వచ్చింది. బయటకు రాలేదు. ఆ ఆలస్యాన్ని శంకరమ్మ చూడనే చూసింది.

"పెద్దమ్మా, మీరు మంచికే చేశారు," అంది శ్రీవిద్య. "ఇప్పుడు ఇంకో మంచి చెయ్యండి. ఇంట్లో రోజుకు రెండుసార్లు ఆమె వెల్లకిలా పడుకుంటే, మోచేతి కింద పట్టుకుని మెల్లగా పైకి తేవాలి. ఎలా పట్టుకోవాలో చూపిస్తాను. పాపను అటు దింపి రండి. మీ కుడి చెయ్యి ఇలా పైకెత్తండి."

శంకరమ్మ పిల్లను విద్యావతి పక్కన దింపింది. చెయ్యి ఎత్తలేదు. కొంగు సర్దుకుంది.

"నాకెందుకు? ఆమెకు చూపియ్యి."

"పట్టుకునేది మీరు కదా. ఎత్తండమ్మా."

శంకరమ్మ ఎత్తింది. కుడి చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. గోళీ వేసుకోని ముఖం అది. ఏదీ దాగలేదు.

"ఎప్పటి నుంచి?" శ్రీవిద్య గొంతు మారింది.

"ఉగాది కాడికెల్లి."

"ఎవరికైనా చెప్పారా?"

"చెప్తే ఏమైతది? మా ఇంటికి మెట్లు ముప్పై ఆరున్నయ్. పొల్లను ఎవలెత్తాలె?"

రాణి అత్తను చూస్తూ నిలబడిపోయింది. ఈ మధ్య పిల్లను ఎప్పుడూ ఎడమ చంకనే వేసుకోవడం, పై అరలోని డబ్బా తియ్యమని కొడుకు వచ్చేదాకా ఆగడం... ముసలితనం అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు. తన చెయ్యిని తప్ప ఇంకెవరి చేతినీ చూడలేదు తొమ్మిది నెలలుగా.

శ్రీవిద్య శంకరమ్మ భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్స్‌రేకు చీటీ రాసింది. "ఇకనుంచి మీరు పాపను ఎత్తొద్దు. కనీసం రెండు నెలలు. రాణీ, మీరు శనివారం గోళీ లేకుండా రండి. మళ్లీ మొదటి నుంచి చూస్తాను. కాళ్లకు, నడుముకు వ్యాయామం అప్పుడే మొదలుపెడదాం. భుజం వదులయ్యాక అర కిలో."

"పదకొండున్నరకు ఎన్ని రోజులు?"

"మూడు నెలలు అనుకోండి. నాలుగు కావచ్చు. తొందరపడితే ఇంకా ఎక్కువ."

*

దవాఖాన మెట్లు కొన్నే అయినా దిగడానికి చాలాసేపు పట్టింది. సంహిత ఒక్కో మెట్టు మీద ఆగి, రెండు పాదాలూ ఆనించి, మళ్లీ తర్వాతి మెట్టు. ఒక వేలు నానమ్మ చేతిలో, ఒక వేలు తల్లి చేతిలో. వెనక వచ్చేవాళ్లు పక్క నుంచి దాటుకుపోయారు. ఎవరూ ఎవరినీ తొందరపెట్టలేదు.

కింద బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. ఎండ గేటు దాకా వచ్చి ఆగింది. గోళీల బలం తగ్గుతున్నట్టుంది, చంక కింద తాడు మళ్లీ లాగడం మొదలైంది.

"నొస్తున్నదా?" అంది శంకరమ్మ.

"ఔ." చాలా రోజుల తర్వాత నిజం చెప్పింది రాణి. "నీకు?"

"ఔ."

రాణికి అత్త చెయ్యి పట్టుకోవాలనిపించింది. ఏ చేతిని పట్టుకుంటే నొప్పి పుట్టదో తేల్చుకోలేక ఊరుకుంది. ఇవాళ ఇంటికి పోయాక అత్తకు తానే వేడినీళ్ల కాపడం పెడుతుంది. సాయంత్రం తన మోచెయ్యి అత్త పట్టుకుంటుంది. ఎడమ చేత్తోనైనా పట్టుకుంటుంది. అలా ఇద్దరూ మెల్లగా... ఆ ఊహ బాగుంది. మూడు నెలలు అంత దూరంగా కనబడలేదు.

శంకరమ్మ నడుముకు దోపుకున్న చిన్న ఫోను తీసి రాణికి ఇచ్చింది.

"యాదలక్ష్మికి కలుపు."

యాదలక్ష్మి ఆమె కూతురు. జోగిపేటలో కాపురం. భుజం నొప్పి సంగతి కూతురికి చెప్పుకోవాలని ఉందేమో అనుకుంది రాణి. తానే నంబరు వెతికి, నొక్కి, మోగుతున్న ఫోనును అత్త ఎడమ చేతికి అందించింది.

"ఆఁ, బిడ్డా, మంచిగనే ఉన్న... దవాఖానల ఉన్నం. నాకేం గాలే, ఇను. సంహితను నీ కాడ ఉంచుకోరాదు? ఊ... మూడు నెలలు. నాలుగు గూడ గావచ్చు. ఎత్తెటోళ్లు లేరే ఇంట్ల. నాకు గూడ వద్దన్నరు. మీ నాయిన, అన్న ఏడ ఉంటరు పగటిపూట?"

రాణికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక బెంచీ మీంచి లేచింది.

"అత్తా, ఫోన్ పెట్టెయ్యి."

శంకరమ్మ ఒక చెవితో కూతురి మాట వింటోంది. "ఔనౌను, నీ పిల్లలతోని ఆడుకుంటది. అంగన్‌వాడీ మీ ఇంటి పక్కకే గద..."

"పెట్టెయ్యి అంటున్న!"

బెంచీకి అటు చివర కూర్చున్న మనిషి తిరిగి చూశాడు. సంహిత తల్లి గొంతుకు బెదిరి, నానమ్మ మోకాళ్ల మధ్య దూరింది.

శంకరమ్మ ఫోనును చెవి నుంచి తీసి, అరచేత్తో మూసింది. ఆమె ముఖంలో పొద్దుటి కోపం లేదు. పోట్లాడటానికి అక్కడ ఏమీ దొరకలేదు రాణికి.

"నా మీద పగకు జేస్తున్నననుకుంటున్నవా? నీ చెయ్యి ఒకసారి ఖరాబు జేసిన నేను. రెండోసారి జెయ్య. ఇది కండ్ల ముందల ఉంటే నువ్వు ఆగవు. ఎప్పుడో ఒకనాడు ఎవ్వలు లేంది చూసి ఎత్తుతవ్."

రాణి నోరు తెరిచింది. ఎత్తనని ఒట్టు పెట్టి చెప్పాలి. పొద్దున వంటింట్లో గోళీలు మింగిన నోరు అది.

"నువ్వు వద్దంటే వద్దనే చెప్త దానికి," అంది శంకరమ్మ. "గని చెప్పవే. గా ముప్పై ఆరు మెట్లు, రేపటికెల్లి దీన్ని ఎవలెక్కియ్యాలె?"

అరచేతి కింద నుంచి యాదలక్ష్మి గొంతు సన్నగా వినబడుతూనే ఉంది. ఆదివారం పొద్దుటి బస్సుకు పోయి పిల్లను తీసుకొస్తావా అని మొగుణ్ణి అడుగుతోంది.